వెనక్కి చూసే తెర

వాన మొదలైంది కాబట్టి ఇక మాట్లాడకపోయినా తప్పు కాదు, మాట్లాడినా ఎవరికీ వినపడదు, అనుకుంది ఆ పిల్ల, కారు వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని, కుడిచేతి పిడికిలిని ఎడమచేత్తో కప్పి ఒళ్ళో పెట్టుకుని. షెడ్డు పైరేకుల మీద ఎవరో బుట్టలకొద్దీ గులకరాళ్ళు కుమ్మరిస్తున్నట్టుంది మోత. కారు అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లబడ్డాయి, బయట వేలాడే బల్బు పసుపు మచ్చ అయిపోయింది, గోడకి తగిలించిన టైర్లు నల్లని సున్నాలయిపోయాయి, కారు కారంతా ఎక్కడికో తేలిపోతున్న పడవలా ఉంది. ముందువైపు మాత్రం ఒక జత కాళ్ళు తలుపులోంచి బయటికి చాపుకుని ఉన్నాయి. అవి వైరు బాబాయివి. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి బాబాయి, కార్లలో వైర్ల పని చేస్తాడు కాబట్టి వైరు బాబాయి. తలా భుజాలూ డాష్‌బోర్డు కిందికి దూర్చి, నుదుటికి టార్చి కట్టుకుని, మనుషులతో మాట్లాడినట్టే వైర్లతో మాట్లాడుతున్నాడు. "ఏమే ఎర్రదానా, నీకిక్కడేం పని, నీ మొగుడు అటుపక్క ఉన్నాడు, పో." వానలో ఆ మాటలు సగం వినపడి సగం తడిసిపోతున్నాయి.

పిడికిట్లో ఉన్నది కప్లర్. బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ ముక్క, ఒకవైపు చిన్న చిన్న పళ్ళు, ఇంకోవైపు రంగు రంగుల వైరు తోకలు. పొద్దున్నుంచీ బాబాయి కూర్చుని తయారుచేసింది అదే, సూదంత పిన్నులు ఒక్కొక్కటీ ఊడబీకి, మార్చి గుచ్చి, కాల్చి అతికించి. అది ఎందుకో బాబాయి నాన్నకి చెబుతుంటే ఈ పిల్లా విన్నది. పాత కారుకి రివర్స్ గేరు వేస్తే వెనక తెల్ల బల్బు వెలుగుతుంది, దానికి తెలిసిందంతే. దాన్లో కొత్తగా బిగిస్తున్న తెరకి ఆ భాష రాదు. ఈ ముక్క మధ్యలో కూర్చుని, 'అమ్మా తెరా, మా బండి వెనక్కి వెళ్తోంది, కాస్త కళ్ళు తెరువు' అని చెబితే అప్పుడది వెనకున్న కెమెరా బొమ్మ చూపిస్తుంది. దాన్ని బాబాయి ముందు సీటు మీదికి విసిరితే అది హ్యాండ్‌బ్రేకు పక్కనుంచి జారి ఈ పిల్ల కాలిదగ్గర పడింది, గోడమీంచి ఊడిపడ్డ బల్లిపిల్లలా. వంగి తీసింది. 'బాబాయ్, ఇదిగో' అందామని నోరు తెరిచింది. అదే క్షణంలో బాబాయి నాన్నతో ఏదో అన్నాడు, నాన్న నవ్వాడు, మాట అయ్యాక చెబుదామని ఆగింది. మాట చెప్పడానికి ఒక సందు ఉంటుంది, కదిలే బస్సు మెట్టులాంటిది, అప్పుడు కాలు పెడితే ఎక్కినట్టు, లేకపోతే దుమ్ము మిగిలినట్టు. ఈ పిల్ల ఇంతవరకూ ఎక్కిన బస్సులకంటే పోయిన బస్సులే ఎక్కువ.

అప్పటికింకా అది తప్పు కాదు. ఎప్పుడు తప్పయిందో వెనక్కి నడిచి చూస్తే తెలుస్తుందేమో. బాబాయి చెయ్యి సీటు మీద తడిమి, "కప్లరేదిరా, ఇక్కడే పెట్టానే," అన్నప్పుడా? నాన్న తన జేబులు తడుముకున్నప్పుడా? లేక అంతకంటే ముందే, నిన్న సాయంత్రం, అమ్మ గిన్నెలు తోముతూ తోముతూ చెయ్యి ఆపినప్పుడా? వేళ్ళు మాత్రం వాటంతట అవే ముడుచుకున్నాయి. ప్లాస్టిక్ పళ్ళు అరచేతిలో దిగుతున్నాయి. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది.

పక్కసీట్లో పాత రేడియో ఉంది, వెల్లకిలా. పొద్దున్నే పీకేశారు దాన్ని. దానికి రెండు బొత్తాలుండేవి, ఒకటెప్పుడో పోతే అమ్మ టూత్‌పేస్టు మూత తెచ్చి బిగించింది, గొంతు పెంచాలంటే ఆ మూత తిప్పాలి. వర్షం పడితే గరగరలాడేది, ఎండ కాస్తే పాడేది, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితే మధ్యలో మాట మింగేసి అవతలి మాట అందుకునేది. అది ఉన్నచోట ఇప్పుడు నల్లని రంధ్రం, పన్ను పీకేసిన చోటులా, చూపు మాటిమాటికీ అక్కడికే పోతోంది. ఆ రంధ్రంలోకి రాబోయేది పెద్ద గాజుతెర, ఇదే కంపెనీ కారుకి తర్వాతి మోడల్లో ఫ్యాక్టరీలోనే పెట్టి ఇచ్చినది, తుక్కు యార్డులో ముందువైపు నుజ్జయిన కారులోంచి బాబాయి ఊడదీసుకొచ్చాడు. నాన్న మొదటిసారి అడిగినప్పుడు బాబాయి తల పట్టుకున్నాడు. "అక్క గౌను చెల్లికి తొడుగుతారు గానీ, చెల్లి గౌను అక్కకి తొడగమంటావేంట్రా!" అని. తర్వాత ఆయనే ఊరుకోలేక యార్డుకి వెళ్ళి కొలతలు తీసుకున్నాడు.

నాన్న కోసం. నాన్న మెడ కోసం. వెనకనుంచి లారీ గుద్దినప్పుడు మెడ ఎముకల్లో ఏదో జరిగిపోయింది, డాక్టర్లు లోపల ఇనప బద్ద వేసి బిగించారు, మనిషి బతికి బట్టకట్టాడు, పనిలోకీ వచ్చాడు, తల మాత్రం తిరగదు. ఎవరైనా పిలిస్తే నాన్న తలుపు తిరిగినట్టు నిలువునా తిరుగుతాడు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది, ఇప్పుడు నాన్నంటేనే అలా తిరిగే మనిషి. బేకరీ నుంచి రొట్టెలు తీసుకెళ్ళి కొట్లకి వెయ్యడం నాన్న పని. కొట్లన్నీ సందుల్లో, సందులన్నీ బొందుల్లా సన్నగా, ముందుకి దూరితే బయటికి వెనక్కే రావాలి. పక్క అద్దాల్లో గోడలు కనిపిస్తాయి గానీ బండి వెనక కింద ఏముందో కనపడదు. అందుకే తెల్లవారకముందే ఈ పిల్ల లేస్తుంది, వేడి రొట్టెల ట్రేల పక్కన ముడుచుకుని కూర్చుంటుంది, కారంతా రొట్టె వాసన, జుట్టుకీ పుస్తకాలకీ రొట్టె వాసన, సందు రాగానే దిగి బండి వెనక నిలబడి, రానీ, రానీ, రానీ...

ఆ గొంతు ఎక్కడిదో తనకే తెలియదు. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే గానీ పలకలేని పిల్ల, మేనత్త ఎదురై 'బాగున్నావా' అంటే గోడకి అంటుకుపోయే పిల్ల, నోట్లో నాలుక లేదని అందరూ అనే పిల్ల. సందులో మాత్రం కడుపులోంచి లేచి వస్తుంది గొంతు. రానీ నాన్నా, రానీ, కొంచెం కుడికి తిప్పు, ఇంకొంచెం, గోడుంది, చాలు చాలు, ఆపు! 'ఆపు' అనగానే అంత పెద్ద కారు ఠక్కున ఆగిపోతుంది. ప్రపంచంలో తన మాట వినే ఒకే ఒక్క వస్తువు అది. మేడల మీద కిటికీలు తెరుచుకుంటాయి, ఎవరో ఆవలిస్తూ, "రొట్టెలొచ్చాయి, లేవండి," అంటారు. పిల్లొచ్చింది అనరు, రొట్టెలొచ్చాయి అంటారు, అది పిల్ల గొంతని వాళ్ళకీ తెలియదు, కారు హారన్‌లాగ అదీ కారుదే అనుకుంటారు. ఒక్కోసారి తనకీ అదే అనిపిస్తుంది. కారుకి ఇంక అక్కర్లేదంటే ఆ గొంతు ఎక్కడికి పోతుంది? పాత రేడియోతోపాటు అట్టపెట్టెలోకి పోతుందా? పట్నం చదువుకి పంపితే, హాస్టల్ గదిలో వరసగా మంచాలు, వరసగా కొత్త ముఖాలు, ఎవరో దుప్పటి తీసుకుంటే 'అది నాది' అనాలి, అక్కడ వెనక్కి వచ్చే కారేదీ ఉండదు.

పట్నంలో హాస్టల్ చోటు చూసింది సైన్సు టీచరమ్మ. రాత పరీక్షల్లో ఎవరికీ రానన్ని మార్కులొచ్చే పిల్ల నోరు విప్పకుండా ఇక్కడే ఉండిపోతే ఎలా అని ఆవిడ ఇంటికొచ్చి కూర్చుంది. ఆవిడ వెళ్ళాక అమ్మ గిన్నెలు తోముతూ అంది, "అన్నం చాలకపోతే ఇంకొంచెం పెట్టమని అడుగుతుందా ఇది అక్కడ? ఆకలితో పడుకుంటుంది గానీ అడగదు." నాన్న నిలువునా అమ్మవైపు తిరిగి, "కారు సంగతి తేలనీ. తెర పనిచేస్తే వెళ్తుంది. లేకపోతే వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. వచ్చే ఏడు చూద్దాం. ఆ మాటలోకి ఎన్ని పోయాయో, వంటింటి కప్పు కారడం పోయింది, అమ్మ పన్నునొప్పి పోయింది, వెళ్ళినవేవీ తిరిగి రాలేదు. ఇద్దరూ ఈ పిల్లవైపు చూశారు. 'వెళ్తాను' అనడానికీ 'వెళ్ళను' అనడానికీ ఒకే సందు ఉంది అప్పుడు. ఆ బస్సూ పోయింది. ఇదిగో, ఇప్పుడు ఆ జవాబు బొటనవేలంతై పిడికిట్లో కూర్చుని ఉంది. చెయ్యి తెరిస్తే హాస్టలు, ముడిస్తే రొట్టెల వాసన. ఎవరూ అడగరు, తను చెప్పనక్కర్లేదు, వాన ఇలాగే పడుతూ ఉంటే.

"ఇదిగో వెలిగింది!" అన్నాడు బాబాయి. మిగతా కప్లర్లన్నీ పెట్టేసినట్టున్నాడు. రంధ్రంలోంచి వేలాడుతున్న తెర నీలంగా తెల్లవారింది, ఆ వెలుగు ఆవిరి పట్టిన అద్దాలమీద పడి కారు లోపలంతా నీళ్ళడుగున ఉన్నట్టయింది. తెరమీద ఒక కారు బొమ్మ వచ్చింది, ఈ కారు కాదు, దాని చెల్లెలు, నున్నగా, గుండ్రంగా. ఠింగ్ ఠింగ్ అని మోగుతూ, వెనక తలుపు తెరిచి ఉందంది. ఈ పిల్ల ఉలిక్కిపడి తన పక్క తలుపు చూసుకుంది. గట్టిగా వేసే ఉంది.

"మన తలుపు కాదమ్మా, దాని పాత కారు తలుపు," అన్నాడు బాబాయి. "గుద్దుకున్నప్పుడు తెరుచుకుంది కాబోలు. అదే తల్చుకుంటోంది. రెండ్రోజులు పోతే దానికీ అలవాటవుతుందిలే, నేను సెట్టింగు మారుస్తా."

తర్వాత తెరమీద చిన్న సున్నా ఒకటి గిరగిరా తిరగసాగింది. దాని కింద ఒక పేరు. నాన్న. ఎవరో పిల్ల, ఎవరో పిల్లవాడు, తమ తండ్రి ఫోనుకి పెట్టిన పేరు. తెర ఆ ఫోను కోసం వెతుక్కుంటోంది. దొరకలేదు అంది. మళ్ళీ సున్నా తిరిగింది, మళ్ళీ నాన్న, మళ్ళీ దొరకలేదు. తుక్కు యార్డులో తీగలు తెగి, అట్టపెట్టెలో చీకట్లో పడుకుని, ఎవరి కారులోనో కళ్ళు తెరిచీ తెరవగానే అది చేసిన మొదటి పని అదే. ఆ నాన్న ఎక్కడున్నాడో, గుద్దుకున్న కారులోంచి క్షేమంగా దిగాడో లేదో, దిగి ఇంకో కారు కొనుక్కుని ఇప్పుడు ఏ వానలో వెళ్తున్నాడో. హాస్టల్లో మొదటి రోజు పొద్దున్నే తనూ ఇలాగే లేస్తుందేమో, రొట్టె వాసన లేని గదిలో, గిరగిరా తిరుగుతూ.

"తీసేద్దామా ఈ పేరు?" అడిగాడు బాబాయి.

"ఉండనీరా కాసేపు," అన్నాడు నాన్న, డ్రైవరు తలుపు దగ్గర నిలబడి. గొంతు ఎందుకో మెత్తగా ఉంది.

బాబాయి చెయ్యి చాపి గేరు వెనక్కి వేశాడు. తెర కదల్లేదు. ముందుకి, మళ్ళీ వెనక్కి. చెల్లెలి బొమ్మ అలాగే తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. "చూశావా? ఆ ముక్క లేకపోతే ఇంతే. బండి వెనక్కి వెళ్తోందని దీనికి చెప్పే నాథుడే లేడు. ఆ తెరకి సరిపోయే పిన్నులు అవి మాత్రమే ఉన్నాయిరా బాబూ, మళ్ళీ అలాంటి బండి ఇంకోటి ఎవడో గుద్దుకుని యార్డుకొచ్చేదాకా మనం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి."

"కింద పడిందేమో," అన్నాడు నాన్న. మెడ వంగదు కదా. వంగలేని మనిషి కింద చూడాలంటే పడుకోవాల్సిందే. గోడ పట్టుకుని, మోకాలు ఆనించి, తడిసిన సిమెంటు నేలమీద పక్కకి ఒరిగి పడుకున్నాడు, చెంప నేలకి ఆనించి. తెరిచిన తలుపులోంచి ఆయన చెయ్యి ముందుసీటు కిందికి వచ్చింది. ఈ పిల్లకి సీటు కింది సందులోంచి ఆ చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది, గోళ్ళలో పిండి తెల్లగా, నేలంతా తడుముతూ, పెన్సిలు ముక్క దొరికితే పక్కన పెట్టి, రొట్టె పొడి దొరికితే దులిపి, మళ్ళీ తడుముతూ. ఆమె కాళ్ళు పైకి లాక్కుంది. చెయ్యి వచ్చి ఆమె చెప్పుని తాకింది, ఒక్క క్షణం దాన్ని పట్టుకుంది, ఎవరిదో గుర్తుపట్టినట్టు తట్టి వదిలేసింది.

"దొరక్కపోతే పోనీలేరా," అంది నేలమీంచి నాన్న గొంతు. "మా అమ్మాయి ఉందిగా."

అదే మాట. ఆ మాట కోసమే పిడికిలి బిగించిందని అది విన్నాకే తెలిసింది. ఎంత తియ్యగా ఉంది, రొట్టె మధ్యలో మెత్తటి భాగంలా, వెచ్చగా. మా అమ్మాయి ఉందిగా. ఉంది. రేపుంది, ఎల్లుండి ఉంది, ఈ సందులున్నన్నాళ్ళూ ఉంది. జ్వరమొచ్చిన రోజు? అక్కడ ఆగింది తియ్యదనం. జ్వరమొచ్చిన రోజు తను లేదు. అమ్మ దుప్పటి కప్పి పడుకోబెట్టింది, నాన్న ఒక్కడే వెళ్ళాడు, వెనక్కి వస్తుంటే ఏదో కటకటమన్న చప్పుడు. దిగి చూస్తే చిన్నపిల్లల సైకిలు. ఎవరూ లేరు దానిమీద, గోడకి ఆనించింది జారి పడిందంతే, పక్కకి వంగిపోయిన చక్రం ఇంకా తిరుగుతోందట. ఎవరూ లేరు అని నాన్న ఇంటికొచ్చి పదే పదే చెప్పాడు. ఎవరూ లేరే, ఎవరూ లేరు. చెబుతూ చెబుతూ కంచం ముందు అలాగే కూర్చుండిపోయాడు. వేడి తలలో ఆ చక్రం తిరుగుతూనే ఉంది ఆ రోజంతా, ఇప్పుడు తెరమీద తిరుగుతున్న సున్నాలాగ, నాన్న, దొరకలేదు, నాన్న, దొరకలేదు. నేలమీద పడుకున్న మనిషి ఇంకా లోపలికి చెయ్యి చాపాడు, మెడ ఎక్కడో పట్టేసినట్టుంది, "అబ్బా" అన్నాడు చిన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"ఆపు!"

సందులో వచ్చే గొంతే. కడుపులోంచి లేచి, వాన మోతని చీల్చుకుని, రేకులకి తగిలి తిరిగొచ్చింది. బాబాయి తల డాష్‌బోర్డుకి ఠంగుమని కొట్టుకుంది. నాన్న ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. నేలమీద పడుకున్నవాడి కుడికాలు, అక్కడ బ్రేకు ఏమీ లేకపోయినా, గాలిలోనే బలంగా తొక్కింది.

"ఇదిగో. నా దగ్గరే ఉంది," అంది. చెయ్యి తెరవబోతే వేళ్ళు తెరుచుకోకుండా మొరాయించాయి. కప్లర్ అరచేతికి అంటుకుపోయి, తీశాక దాని పళ్ళన్నీ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

బాబాయి నెత్తి రుద్దుకుంటూ కప్లర్నీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "అమ్మో, దీనికి గొంతుందిరోయ్! ఇంతసేపూ ఒళ్ళో పెట్టుకుని పొదుగుతున్నావా తల్లీ? పిల్లలేమైనా పుట్టాయేమో చూడు." నవ్వాడు గానీ ఎవరూ నవ్వలేదు, అందుకని కప్లర్ పట్టుకుని మళ్ళీ డాష్‌బోర్డు కిందికి దూరిపోయాడు.

నాన్న లేచాడు, తలుపు పట్టుకుని, మెల్లిగా. వెనక తలుపు తీసి నిలువునా తిరిగి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. చెంపకి తడి సిమెంటు మచ్చ. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"ఎప్పట్నుంచి?"

"వాన రాకముందు నుంచి."

"వెళ్ళాలనుందా? ఉండాలనుందా?"

ఇదీ సందే. మెట్టు కళ్ళముందు కదులుతోంది. "రెండూ," అంది. ఆ మాట అన్నాక, అది జవాబు కాదేమోననిపించింది, కానీ అంతకంటే నిజం తన దగ్గర ఇంకోటి లేదు.

నాన్న చెంపమీది సిమెంటు మచ్చ తుడుచుకున్నాడు. వాన కాస్త నెమ్మదించింది. "నాకూ అంతే," అన్నాడు. "దిగు. వెనక నిలబడు. చూద్దాం ఇదేం చూపిస్తుందో."

బాబాయి లోపల్నుంచి అరిచాడు, "చిన్న మెలికుంది రోయ్. తెరమీద గీతలొస్తాయి, ఎర్రగీత వస్తే ఆపమని. ఆ గీతలు దాని పాత కారు కొలతలవి. మనది కాస్త పొట్టి. మార్చడం నావల్ల కాదు, చూసుకుని నడుపుకోవడమే."

షెడ్డు వెనక ఖాళీచోటులో, అటు గోడకి వీపు ఆనించి నిలబడింది. చినుకులు జుట్టుమీద పడుతున్నాయి. కారు నంబరు ప్లేటు పైన పొద్దున బిగించిన చిన్న నల్లని గాజు కన్ను, కందిపోయిన అరచెయ్యిలాగ దాని చుట్టూ రంగు కాస్త లేచిపోయి ఉంది. తెల్ల బల్బు వెలిగింది. లోపల, వెనకద్దానికి అవతల, నాన్న తల వెనకభాగం కదలకుండా ఉంది, ఎప్పటిలాగే, కానీ ఇప్పుడా తల ముందు ఒక నీలివెలుగు, ఆ వెలుగులో తనుందన్నమాట. గోడా, వానా, తనూ. కారు కదిలింది. నోటిదాకా వచ్చింది రానీ, రానీ. పెదాలు బిగించింది. కారు తనంతట తనే వస్తోంది, తిన్నగా, ఎవరూ పిలవకుండానే, ఎంత వింతగా ఉందో, నిద్రలో నడుస్తున్న మనిషిని చూసినట్టు. వచ్చి వచ్చి ఆగింది. తనకీ బంపరుకీ మధ్య ఇంకా చోటుంది.

డ్రైవరు కిటికీ దిగింది. "ఏమే!" అన్నాడు నాన్న, ముందుకే చూస్తూ. "ఎర్రగీత వచ్చేసింది. ఇంకా రావచ్చా?"

నల్లని కన్ను ఆమెనే చూస్తోంది. పళ్ళ అచ్చులున్న అరచెయ్యి ఎత్తి దాని ముందు పెట్టింది, వేళ్ళు చాచి కొలిచి చూపిస్తూ. గొంతు వచ్చింది, ఎదురింటి మేడదాకా వినపడేంత గొంతు, కారుది కాదు, ఈసారి కచ్చితంగా తనదే.

"ఎర్రగీత తర్వాత ఇంకో జానెడు ఉంటుంది నాన్నా! గుర్తుపెట్టుకో! నేనుండను!"

కారు కాసేపు అలాగే నిలబడింది. అద్దంలోంచి చూస్తే నాన్న భుజాలు ఎగురుతున్నాయి, మెడ కదలని మనిషి నవ్వినా ఏడ్చినా భుజాలే ఎగురుతాయి, రెండింట్లో ఏదో వెనకనుంచి తెలియదు. తర్వాత కారు ఆ జానెడూ మెల్లిగా వచ్చి, ఆమె అరచేతిని తాకీ తాకకుండా ఆగింది.